పిషీమా పరుపెక్కిన ఆదివారం

ఆ ఆదివారం తెల్లవారేసరికి అనాదిచరణ్ సమాద్దార్ బుర్రలో పథకం మొత్తం సిద్ధంగా ఉంది. పాత పరుపు వీధి మలుపులో పారేయాలి. కొత్తది కొనాలి. భోజనం వేళకు ఇల్లు చేరి, మామిడిపండు తిని ఒక కునుకు తీయాలి. శ్యాంబజార్ సందుల్లో పుట్టి పెరిగి, గుమ్మడికాయను నాలుగు వైపులా తట్టి, చేప మొప్ప ఎత్తి చూసి గానీ సంచిలో వేసుకోని మనిషికి ఇదేమంత ఘనకార్యం కాదు. కానీ ఈసారి కొనేది అల్లుడి కోసం.

అల్లుళ్లను పిలిచి విందు పెట్టే జమాయి షష్ఠి ఇంకా ఐదు రోజులుంది. పోయినేడు ఆ పండక్కి చందన్‌నగర్ నుంచి వచ్చిన అల్లుడు సౌగతను 'నిద్రారాణి' అనే కొత్త పరుపు మీద పడుకోబెట్టారు. దిండ్లు ఉచితం అంటే ఆశపడి అనాదిబాబు కొన్న పరుపది. తెల్లారేసరికి దాని నడుమ గొయ్యి పడింది, ఆ గోతిలో అల్లుడున్నాడు, అల్లుడి మెడ ఎడమవైపుకు తిరిగిపోయి ఉంది. పాపం ఆ కుర్రాడు అత్తగారు కొసరి కొసరి వడ్డించిన ఇలిశ చేప పులుసంతా గోడను చూస్తూ తిన్నాడు. "ఉప్పు సరిపోయిందా బాబూ?" అని అత్తగారు లతిక అడిగితే, "సరిపోయిందమ్మా" అని కిటికీతో చెప్పాడు.

ఈ ఏడు కూతురు మిఠూ ఫోన్లో ముందే తెగేసి చెప్పింది.

"బాబా, పండక్కి వస్తాం, తింటాం, సాయంత్రం బండికి వెళ్లిపోతాం. రాత్రి ఉండమని మాత్రం అనకు. మా అత్తగారు ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ మెడ ఎలా తిరిగిందో తన మెడ తిప్పి చూపిస్తోంది."

ఆ మాట అనాదిబాబుకు ముల్లులా గుచ్చుకుంది. పెళ్లయ్యాక ఆ పిల్ల ఈ ఇంట్లో నిద్ర లేచేది ఏడాదికి ఒక్క పొద్దునే. లేస్తూనే పక్క మీద నుంచి "అమ్మా, టీ!" అని అరుస్తుంది. ఆ అరుపు కోసం ఆయన ఏడాది పొడవునా ఎదురు చూస్తాడు. అంచేత నెల రోజులుగా ఆఫీసు పని పక్కన పెట్టి పరుపుల మీద పరిశోధన చేశాడు. ఏ కంపెనీ పైన పూల గుడ్డ కుట్టి లోపల చింపిరి ముక్కలు కూరుతుందో, ఏ పరుపు నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి రాదో, అన్నీ కనుక్కున్నాడు. రోజూ సాయంత్రం టీకొట్టు దగ్గర ఉపన్యాసం.

"మంచి బ్రాండంటే ఖరీదు కాదోయ్, ప్రకటనలు కాదు. ఎవరు వాడినా, ఎన్నాళ్లు వాడినా, ఒకే ఫలితం ఇవ్వాలి. అదీ బ్రాండంటే!"

"ఎంత బాగా చెప్పారు కాకూ!" అనేవాడు బాబాయి వరస కలిపే భొంబల్, ఆయన డబ్బుతో టీ తాగుతూ. ఈ భొంబల్ ఆ సందులోని తరుణదళ్ క్లబ్బుకు కార్యదర్శి. నలభై దాటినా తరుణుడే.

ఇంతకీ ఆ నిద్రారాణి ఏమైందంటే, అల్లుడు వెళ్లిన మర్నాడే పిషీమా గదిలోకి మారింది. పిషీమా అంటే అనాదిబాబు మేనత్త. ఎనభై దాటిన తెల్లచీర ముసలావిడ. మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదు. ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె వద్దనడాన్ని ఎవరూ వినలేదు. రోజూ పొద్దున్నే ఆ పరుపును వరండా కమ్మీ మీద ఎండబెట్టించి, దాన్ని కంపెనీతో సహా తిట్టిపోసేది. అంచేత అది పిషీమా పరుపని సందులో అందరికీ తెలుసు.

ఆ పొద్దున అనాదిబాబు దాన్ని చుట్టి తాడు కడుతుంటే ఆవిడ మంచం మీద నుంచి ఆజ్ఞాపించింది.

"ఆ దిండు కూడా పట్టుకుపో. దాన్నిండా రాళ్లే."

"గలీబు మీద నువ్వు కుట్టిన పువ్వులున్నాయి కదా పిషీ!"

"పువ్వుల మీద పడుకుంటానా? రాళ్ల మీద పడుకుంటాను. పట్టుకుపో."

పరుపూ దిండూ వీధి మలుపులో చెత్తకుండీ పక్కన చేరాయి. లతిక అప్పటికే మొదటి బస్సెక్కి, చెల్లెలింటి మామిడిపళ్ల కోసం బరానగర్ వెళ్లిపోయింది. అనాదిబాబు ఇంటికి తాళం వేసి, నడవలేని పిషీమాను రెండు చేతుల మీదా ఎత్తుకొచ్చి రిక్షాలో కూర్చోబెట్టాడు. అదే ఆయన పథకంలో అసలు రహస్యం. పరుపుల దుకాణంవాడిని నమ్మకూడదు, ప్రకటనను నమ్మకూడదు, తన వీపును అసలు నమ్మకూడదు, నిద్రారాణిని ఎంచింది ఆ వీపే కదా! పిషీమా నడుమును మాత్రం మోసం చెయ్యగల బ్రాండు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

"నన్నెక్కడికిరా తీసుకుపోతున్నావు?"

"పడుకోడానికి పిషీ."

"ఇంట్లో పడుకుంటే ఎవడు కాదన్నాడు?" అంది గానీ, ఊరు చూసి ఏడాదైందేమో, రిక్షాలో నిటారుగా కూర్చుంది. టీకొట్టువాడు పొయ్యి వెలిగిస్తూ ఈ ప్రయాణాన్ని చూశాడు. వాడికి వినబడింది మాత్రం ఏమీ లేదు.

హాతీబగాన్‌లో హారాధన్ సాహా దుకాణం అప్పుడే తలుపులు తీసింది. అనాదిబాబు చెప్పులు విడిచి, వరసగా ఒక్కో పరుపు మీదా పడుకుని, పొర్లి, ఎగిరి, వాసన చూశాడు.

"లోపలేముందో విప్పి చూపించు."

"దాదా, పరుపు విప్పితే నేను మళ్లీ దూది అమ్ముకోవాల్సిందే."

"అంటే దాచేదేదో ఉందన్నమాట!"

"మీ కడుపులో ఏముందో నేనడిగానా దాదా?"

ఇలా గంటల తరబడి వాదించేసరికి అనాదిబాబు గొంతు బొంగురుపోయింది. ఇక పిషీమాను రంగంలోకి దింపాడు. మొదటి పరుపు మీద ఆవిడ పూర్తిగా వాలకముందే లేచింది. "ఇది నిద్రారాణికి చెల్లెలు," అంది. రెండోదానికి ముక్కు మూసుకుంది. "జిగురు కంపు. పడుకుంటే అంటుకుపోతాను." మూడోది స్ప్రింగులది. "కింద ఎవడో ఉన్నాడు, గుద్దుతున్నాడు." హారాధన్ చెమట తుడుచుకున్నాడు. నాలుగోది గోడవార ఉన్న మందపాటి కొబ్బరిపీచు పరుపు. దాని మీద పిషీమా పడుకుంది. ఏమీ అనలేదు. ఎంతసేపైనా ఏమీ అనలేదు.

"దాదా," అన్నాడు హారాధన్ భయంభయంగా, "ఆవిడకి ఊపిరి..."

"ష్! గురక. చిన్న గురక. ఇదే! ఇదే మంచి బ్రాండు!" అనాదిబాబు కళ్లు ఆనందంతో చెమర్చాయి. "పిషీ, లే, తేలిపోయింది. ఇంటికి పోదాం."

పిషీమా ఒక కన్ను తెరిచింది.

"అనాదీ, లేపావంటే మర్యాద దక్కదు. ఏడాదైందిరా నాకు నిద్రపట్టి. నీ అల్లుడి మెడ మెడ, నా నడుం తాటిదుంగా?"

ఆ కన్ను మళ్లీ మూతబడింది. అల్లుడికి పనికిరానిదని తీసేసిన పరుపు ఆవిడకెలా పనికొచ్చిందని ఈ ఏడాదిలో ఒక్కసారైనా ఆలోచించలేదు అనాదిబాబు. సిగ్గేసింది. ఇంకోసారి లేపడానికి చెయ్యి రాలేదు.

హారాధన్‌కు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. "దాదా, లేపొద్దు. లేస్తే మళ్లీ ఏదో వంక పెడుతుంది. నిద్రలో ఉండగానే బేరం కానిద్దాం. పరుపుతో సహా ఎత్తేస్తే సరి!"

నలుగురు మనుషులు నాలుగు మూలలా పట్టుకుని, పిషీమాతో సహా పరుపును సామాన్లు మోసే రిక్షా వ్యాను మీదికి చేర్చారు. జ్యేష్ఠ మాసపు ఎండ నెత్తిన మండుతోంది. ఎండ తగలకుండా హారాధన్ ఒక తెల్లటి గుడ్డ తెచ్చి ఆవిడను కప్పాడు. ఆ రోజుకు అదే మొదటి బేరం కాబట్టి, అలవాటు ప్రకారం అగరొత్తులు వెలిగించి బండి కమ్మీకి గుచ్చాడు. అనాదిబాబు చెప్పుల కోసం చూస్తే, అవి ఏ పరుపుల దొంతర కింద పడ్డాయో కనబడలేదు. "రేపు వెతికి పెడతాను దాదా, ముందు మీరు బయల్దేరండి," అని హారాధన్ తొందరపెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. భొంబల్.

"కాకూ! పిషీమా..."

"పిషీని తీసుకుని వస్తున్నా," అన్నాడు అనాదిబాబు, పూడుకుపోయిన గొంతుతో. "బండి మాట్లాడాను. ఇక నాచేత మాట్లాడించకు భొంబల్. గొంతు రావడం లేదు."

"అయ్యో కాకూ, మీరేం మాట్లాడకండి! ఇక్కడ నేనున్నాను, అన్నీ చూసుకుంటాను!"

పరుపు దింపుకోవడానికి ఇంత ఉత్సాహం చూపించే మనిషి ఈ కాలంలో దొరుకుతాడా అని అనాదిబాబు మురిసిపోయాడు.

అప్పటికి సందులో ఏం జరిగిందో ఆయనకు తర్వాత తెలిసింది గానీ, మనం ముందే తెలుసుకుంటే నష్టం లేదు. ఆ సందులో పొద్దున్నే వీధి మలుపులో, తాడు కట్టిన పరుపు దిండుతో సహా కనిపించిందంటే దానికి అర్థం ఒక్కటే. పోయినవాళ్ల పడకను ఇంట్లో ఉంచుకోరు. పరుపు ఎవరిదో అందరికీ తెలుసు, గలీబు మీద పువ్వులు ఎవరు కుట్టారో ఆడవాళ్లందరికీ తెలుసు. ఇంటికి తాళం. పిషీమాను చేతుల మీద మోసుకుని రిక్షాలో ఎక్కించడం నా కళ్లతో చూశానని టీకొట్టువాడి సాక్ష్యం. "తల వాల్చేసింది బాబూ," అని వాడు ఒక ముక్క కలిపాడు కూడా.

భొంబల్‌కు ఇంతకన్నా ఏం కావాలి? పెళ్లింటికి భోజనాల వేళకు వెళ్లే మనిషి, చావింటికి మాత్రం అందరికన్నా ముందు వెళతాడు. పాపం ఏడాదిగా అతనికి పనే తగల్లేదు. మంచాన పడ్డవాళ్లంతా మొండిగా కోలుకుంటున్నారు. ఫోను పెట్టేసిన మరుక్షణం శవాన్ని తీసుకెళ్లే అద్దాల బండికి కబురు వెళ్లింది. రజనీగంధ దండలొచ్చాయి. పేలాలొచ్చాయి. "ఆ పరుపును క్లబ్బు గదిలో పెట్టండి, శ్మశానం ఘాట్‌కు మనతోపాటే తీసుకుపోదాం!" అని ఆజ్ఞ అయింది. చందన్‌నగర్‌కు ఫోను కూడా అతనే చేశాడు.

"మిఠూ, గుండె దిటవు చేసుకో. పిషీమా ఇక లేరు. చాలా ప్రశాంతంగా వెళ్లిపోయారు. నేను పక్కనే ఉన్నాను."

పిషీమా నిద్ర చెడకుండా నత్తనడక నడుస్తూ, చెట్టు నీడ దొరికిన చోటల్లా ఆగుతూ, వ్యాను సందు మొగలో తిరిగేసరికి మధ్యాహ్నమైంది. ముందు అగరొత్తుల పొగ, దాని వెనక తెల్లగుడ్డ కప్పిన పిషీమా, ఆ వెనక ఉత్తకాళ్లతో, ఎండకు కళ్లు ఎర్రబడి, కాలుతున్న రోడ్డు మీద అడుగులో అడుగేస్తూ అనాదిబాబు. సందు నిండా జనం. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. పక్కన అద్దాల బండి.

అద్దాల బండిని చూసి అనాదిబాబు ఆగిపోయాడు. ఎవరో పోయారు! ఎవరై ఉంటారు? పొద్దున్న అందరూ బాగానే ఉన్నారే!

"బొలో హరి!" అని భొంబల్ శవం వెంట వేసే కేక అందుకున్నాడు.

"హరి బోల్!" అంది సందంతా. పూలూ పేలాలూ వ్యాను మీద కురిశాయి. భొంబల్ వచ్చి ఆయన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"ఏడవండి కాకూ, లోపల దాచుకోకండి!"

అంత ప్రేమగా అడిగితే ఏడవక తప్పుతుందా? అనాదిబాబుకు నిజంగానే ఏడుపొచ్చింది. భొంబల్ భుజం మీద తల పెట్టి, "చాలా మంచి మనిషి," అన్నాడు. పోయింది ఎవరైనా సరే, ఆ మాటతో తప్పు పోదని ఆయన నమ్మకం.

ఇంతలో టాక్సీ ఒకటి సందులోకి దూసుకొచ్చింది. అందులోంచి మిఠూ, వెనకాలే సౌగత దిగారు. మిఠూ జుట్టు విరబోసుకుని పరుగున వచ్చి పరుపు మీద పడింది.

"ఠాకుమా! నన్నొదిలి వెళ్లిపోయావా నాయనమ్మా!"

అప్పుడు తెల్లగుడ్డ కదిలింది. లేచి కూర్చుంది. నెత్తి మీద పేలాలతో, మెడలో దండతో పిషీమా చుట్టూ చూసి, "ఎవర్తే అది, బంగారంలాంటి నిద్ర చెడగొట్టింది?" అంది.

సందు ఖాళీ అవడం అంత త్వరగా ఎన్నడూ జరగలేదు. వ్యానువాడు వ్యాను వదిలేసి పారిపోయాడు. టీకొట్టువాడు బల్ల కింద దూరాడు. భొంబల్ ఎటు పరిగెత్తాలో తెలియక అద్దాల బండిలోకే ఎక్కి తలుపు వేసుకున్నాడు. మిఠూ మాత్రం వదల్లేదు, మరింత గట్టిగా వాటేసుకుని నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది.

"ఏమిటీ పూలు? ఎవరు పోయారు?" అంది పిషీమా.

చివరికి అద్దాల బండి కిటికీ కొంచెం తెరుచుకుంది.

"మీరే, పిషీమా."

"నేనా? ఎప్పుడు?"

"పొద్దున్న."

"నాకెవరూ చెప్పలేదే!" అని ఆవిడ దండను ఒకసారి వాసన చూసింది. "పూలు మంచివే తెచ్చావురా భొంబల్. ఆ పెట్టెలోంచి దిగిరా, చెమట పట్టి చస్తావు."

అప్పటికి లతిక మామిడిపళ్ల బుట్టతో బస్సు దిగి వచ్చింది. ఉత్తకాళ్ల మొగుణ్ణీ, పూలనూ, కూతురినీ, అద్దాల బండినీ వరసగా చూసి, ముందు బుట్ట జాగ్రత్తగా కింద పెట్టి, తర్వాత స్పృహ తప్పింది. ముఖం మీద నీళ్లు చల్లి కూర్చోబెట్టాక సంగతంతా విని, ఒంటికాలి మీద లేచింది.

"ఏమండీ, పరుపు కొనుక్కురమ్మంటే శవయాత్ర చేయించుకొచ్చారా?"

"బ్రాండు మాత్రం మంచిది లతికా, పిషీ ఎంత హాయిగా..."

"మంచిదైతే మాత్రం? పేలాలు చల్లిన పరుపు మీద, హరిబోల్ కొట్టిన పరుపు మీద, అల్లుణ్ణి పడుకోబెడతారా? మీ వియ్యపురాలికి తెలిస్తే పోయినేడు మెడే తిప్పింది, ఈ ఏడు ఏకంగా శవంలా పడుకుని చూపిస్తుంది!"

నెల రోజుల పరిశోధన బూడిదలో పోసిన పన్నీరైంది. అనాదిబాబు మెట్ల మీద కూలబడ్డాడు. చెడ్డ బ్రాండ్లన్నీ తప్పించుకుని, ఉన్న ఒక్క మంచిదాన్నీ తెచ్చాడు, ఇప్పుడు దాని మీద అల్లుడు పడుకోకూడదు. హారాధన్ వెనక్కి తీసుకోడు. పిల్లలు సాయంత్రం బండికి వెళ్లిపోతారు.

"దేనికీ ఏడుపు?" అంది పిషీమా, పరుపు మీద నుంచి దిగకుండానే. "దీని మీద ఎవరి కోసం పూలు చల్లారు? నా కోసం. అయితే ఇది నాది. నా గదిలో వేయించు. నా శీతలపాటి చాప ఉంది, అది ఎర్రగచ్చు మీద పరిచి పిల్లాణ్ణి పడుకోమను. జ్యేష్ఠంలో పరుపు మీద పడుకునేవాడు మనిషా, అప్పడమా?"

అల్లుడు ఆ శీతలపాటి చాపను వేళ్లతో తడిమి చూశాడు. తర్వాత మామగారి ముఖం చూశాడు. కాళ్లు బొబ్బలెక్కి, గొంతు పోయి, నెత్తి మీద పేలాలతో ఉన్నాడాయన. సౌగత మంచివాడు.

"ఎలాగూ వచ్చాం కదా బాబా," అన్నాడు. "ఈ రాత్రికి ఉంటాం."

మర్నాడు పొద్దున అనాదిబాబు అందరికన్నా ముందు లేచి వసారాలో చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. పిషీమా గదిలోంచి చిన్న గురక వినిపిస్తోంది. కొంతసేపటికి పక్కగదిలోంచి, "అమ్మా, టీ!" అన్న అరుపు ఇల్లంతా మోగింది. ఆయనకు కడుపు నిండిపోయింది. తర్వాత అల్లుడు బయటికొచ్చాడు. మెడ నిటారుగా ఉంది. ఎడమకు తిప్పాడు, తిరిగింది. కుడికి తిప్పాడు, తిరిగింది.

"పండక్కి వచ్చినప్పుడు కూడా నాకీ చాపే కావాలి బాబా. ఇది ఏ కంపెనీది?"

"ఏ కంపెనీదీ కాదు నాయనా," అన్నాడు అనాదిబాబు కొంచెం సిగ్గుపడుతూ. "పిషీమా పెళ్లినాటిది."

అంతలో వీధి తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో భొంబల్. పక్కన తాడు కట్టిన నిద్రారాణి. మాట్లాడుతున్నది అనాదిబాబుతోనే గానీ, చూస్తున్నది మాత్రం పక్కింటి గోడను.

"ఇదిగో కాకూ, మీ పరుపు మీకు తెచ్చేశాను. పిషీమా బతికే ఉన్నారు కదా, దోషం లేదు కదా, ఘాట్‌లో పారేయడమెందుకని రాత్రి క్లబ్బులో వేసుకుని పడుకున్నాను." అతను కళ్లు మాత్రం ఇటు తిప్పాడు. మెడ రాలేదు.

"ఎడమవైపేనా?" అని వెనకనుంచి సౌగత ఆప్యాయంగా అడిగాడు.

"ఎడమవైపే జమాయిబాబూ."

"ఆవనూనె వేడిచేసి రాయించు. వారంలో తగ్గిపోతుంది. అన్నం మాత్రం కిటికీ పక్కన కూర్చుని తిను, కాస్త కాలక్షేపం."

పోయినేడు అల్లుడు, ఈ ఏడు భొంబల్, అదే మెడ, అదే పక్క. అనాదిబాబు టీకొట్టు దగ్గర చెప్పిన సూత్రం ప్రకారం చూస్తే, నిద్రారాణి చాలా మంచి బ్రాండు.